యోనా కథ నిజంగా జరిగిందా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

సండేస్కూల్ టీచర్

అందరికీ వందనాలు. నేను తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల క్లాసు చూసుకుంటాను. పోయిన ఆదివారం యోనా పాఠం. నీనెవె పట్టణానికి వెళ్లమన్న దేవుడి మాట వినక ఓడెక్కి పారిపోయిన ప్రవక్తను పెద్ద చేప మింగి, మూడు రోజుల తర్వాత ఒడ్డున కక్కేసిన కథ అది. చార్టు మీద పెద్ద చేప బొమ్మ గీసి, పొట్ట దగ్గర చిన్న కిటికీలా కత్తిరించి, తెరిస్తే లోపల యోనా కనబడేలా చేసుకుని వెళ్లాను. పిల్లలకు బాగా నచ్చింది. ఒక బాబు మాత్రం "లోపల గాలి ఎక్కడిది టీచర్?" అన్నాడు. దేవుడికి అసాధ్యమైనది లేదని చెప్పాను. వాడు ఊరుకున్నాడు. కానీ పక్కన కూర్చున్న పాప ఊరుకోలేదు. "ఇది నిజంగా జరిగిందా, లేక మంచి సమరయుడిలాగా ప్రభువు చెప్పిన కథలాంటిదా?" అంది.

ప్రశ్న తెలివైనదే. వచ్చే వారం చెప్తానని తప్పించుకున్నాను. తర్వాత సంఘంలో ఇద్దరు పెద్దల్ని అడిగాను. ఒకాయన "యోనాను అనుమానిస్తే పునరుత్థానాన్ని అనుమానించినట్టే, పిల్లల దగ్గర అలాంటి చర్చ పెట్టకు" అన్నారు. ఇంకొకాయన "చేప అంటే శ్రమమ్మా, శ్రమలో ప్రార్థన చేయాలని చెప్పు చాలు" అన్నారు. మొదటి మాట వింటే టెన్షన్ వచ్చింది, రెండో మాట వింటే ప్రశ్నను దాటేసినట్టనిపించింది. ఈ పిల్లలు రేపు కాలేజీకి వెళ్లాక చేపతో పాటు మొత్తం బైబిలునే పక్కన పడేస్తారేమోనని నా భయం. మీరైతే ఏం చెప్తారు? ఉన్నది ఉన్నట్టు జరిగిందని గట్టిగా చెప్పాలా, లేక ఆత్మీయ అర్థం చెప్పి వదిలేయాలా? వచ్చే నెల యెహోషువ పాఠాలు కూడా ఉన్నాయి, సూర్యుడు ఆగిన అధ్యాయంతో సహా.

ఉన్నదున్నట్టు

సిస్టర్ గారూ, గట్టిగానే చెప్పండి. యోనా కల్పిత పాత్ర కాదు. 2 రాజులు 14:25 చూడండి. గత్హేపెరు ఊరివాడు, అమిత్తయి కుమారుడు, రెండో యరొబాము రాజు రోజుల్లో ప్రవచించినవాడు. ఊరు, తండ్రి పేరు, రాజు పేరు అన్నీ ఉన్న మనిషి ఉపమానంలో పాత్ర ఎలా అవుతాడు? ప్రభువే మత్తయి 12:40లో సమాధిలో తన మూడు దినాలను యోనా మూడు దినాలతో పోల్చాడు. ఆ తర్వాతి వచనంలో, యోనా మాటకు మారుమనస్సు పొందిన నీనెవెవారు తీర్పు దినాన లేచి ఈ తరం మీద నేరస్థాపన చేస్తారన్నాడు. కథలో మనుషులు తీర్పు రోజున లేచి నిలబడతారా?

అక్షరార్థం అంటే మొండితనం అనుకోవద్దు. కీర్తనల్లో దేవుడి రెక్కల నీడ అని ఉంటే ఆయనకు ఈకలున్నాయని నేనూ అనుకోను. కవిత్వం కవిత్వమే. కానీ చరిత్రలా రాసినదాన్ని మనకు నమ్మడం కష్టంగా ఉంది కాబట్టి కథ అనేస్తే, ఇవాళ చేప, రేపు ఎర్ర సముద్రం, ఎల్లుండి ఖాళీ సమాధి. ఎక్కడ ఆగాలో ఎవరు చెప్తారు?

మర్మం వెదికేవాడు

అన్నయ్య గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. పౌలు గలతీ 4లో అబ్రాహాము ఇంటి హాగరు, శారా ఇద్దరు స్త్రీలను రెండు నిబంధనలన్నాడు. 1 కొరింథీ 10లో అరణ్యంలోని బండ క్రీస్తే అన్నాడు. "అక్షరము చంపునుగాని ఆత్మ జీవింపచేయును" అన్నదీ ఆయనే. మూడో శతాబ్దంలోనే ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు అడిగాడు, ఆదికాండములో సూర్యచంద్రులు నాలుగో రోజున పుడితే మొదటి మూడు రోజులకు సాయంత్రం, ఉదయం ఎలా వచ్చాయని. అక్షరం తట్టుకోలేని చోట లోపలి అర్థం వెదకమని దేవుడే అక్కడ అడ్డురాళ్లు పెట్టాడని ఆయన అభిప్రాయం.

యోనాలో ప్రతి దానికీ మర్మం ఉంది. యోనా పారిపోవడానికి ఎక్కిన తర్షీషు ఓడ ఈ లోకం. ఓడ అడుగున నిద్ర ఆత్మీయ నిద్ర. చేప శ్రమ. చివర్లో యోనాకు నీడనిచ్చిన సొరచెట్టు లోకసుఖం. దాన్ని కొట్టిన పురుగు మరణం. పిల్లలకు ఇలా చెప్పండి సిస్టర్, జరిగిందా లేదా అన్న గొడవే ఉండదు.

కోర్టు స్టెనో

ఇద్దరివీ చదివాను. ఒకరు చేపను కాపాడుతున్నారు, ఒకరు చేపను విప్పుతున్నారు. నీనెవె దాకా మాత్రం ఎవరూ వెళ్లలేదు.

నేను చాలాకాలం కోర్టులో స్టెనోగా చేశాను. ఒకే కేసు కట్టలో ఫిర్యాదు ఉంటుంది, సాక్షి వాంగ్మూలం ఉంటుంది, లాయరు వాదన ఉంటుంది, తీర్పు ఉంటుంది. వాదనలో లాయరు "నా క్లయింటు కుటుంబం రోడ్డున పడింది" అంటే ఎవరూ బయటికెళ్లి రోడ్డు మీద చూడరు. అదే మాట బోనులో సాక్షి అంటే "ఏ రోడ్డు, ఏ టైముకి" అని అడుగుతారు. చేతిలో ఉన్న కాగితం ఏదో తెలుసుకోకుండా, రాసింది అక్షరాలా తీసుకోవాలా వద్దా అని తేల్చలేం. బైబిలు కూడా ఇలాంటి కట్టే.

లూకా తన పుస్తకం ఎలా మొదలుపెట్టాడో చూడండి. కన్నులారా చూసినవారు అప్పగించినదాన్ని తరచి పరిష్కారంగా తెలుసుకుని వరుసగా రాస్తున్నానన్నాడు. మూడో అధ్యాయంలో తిబెరి కైసరు పదునైదో ఏడు, పిలాతు యూదయకు అధిపతి అని తేదీ వేశాడు. అది వాంగ్మూలం సేకరించినవాడి పద్ధతి. యోబు పుస్తకం మొదలుపెట్టండి. ఊజు దేశంలో ఒక మనిషి ఉన్నాడు, అంతే. ఏ రాజు కాలమో లేదు. తర్వాత పరలోకంలో దేవుడికీ సాతానుకూ సంభాషణ. అక్కడ కూర్చుని రాసుకున్నదెవరు? బూడిదలో కూర్చున్న మనిషీ అతని స్నేహితులూ పుస్తకమంతా పద్యాల్లో వాదించుకుంటారు. యూదుల బోధల గ్రంథం తల్మూదులోనే ఒక రబ్బీ, యోబు అనేవాడు ఎప్పుడూ లేడు, అది ఉపమానం అన్నాడు. పక్కవాళ్లు ఒప్పుకోలేదు. అయినా ఆయన మాటను కొట్టేయకుండా అలాగే ఉంచారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

ఇక "జరగకపోతే అబద్ధమేగా" అనేవాళ్లకు నేను ఎప్పుడూ చూపించేది 2 సమూయేలు 12. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికెళ్లి, ఐశ్వర్యవంతుడొకడు బీదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న సంగతి చెప్పాడు. దావీదు దాన్ని నిజం కేసనుకున్నాడు. అక్కడికక్కడే తీర్పిచ్చేశాడు. వాడు చావాలి, గొర్రెపిల్లకు నాలుగింతలు కట్టాలి. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను. అప్పుడు దావీదు "అయితే ఆ గొర్రెపిల్ల నిజంగా లేదా?" అని అడగలేదు. "నేను పాపము చేసితిని" అన్నాడు. దావీదు చేయించిన ఊరియా చావు జరిగింది, ఊరియా భార్య బత్షెబను తీసుకున్న సంగతి జరిగింది. గొర్రెపిల్ల జరగలేదు. అయినా జరగని గొర్రెపిల్లే రాజును పట్టిచ్చింది.

మర్మం తమ్ముడూ, ఇప్పుడు మీ వైపు వస్తాను. మంచి సమరయుడి కథలో, యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి యాజకుడు చూసి కూడా వెళ్లిపోతే, సమరయుడు ఆగి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. దీనికి పాతకాలపు సంఘ పండితుడు అగస్టీన్ ఇచ్చిన అర్థం తెలిసే ఉంటుంది. దెబ్బలు తిన్నవాడు ఆదాము, దొంగలు సాతాను మూక, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, ఆ ఇంటివాడు పౌలు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ కథ పుట్టింది "నా పొరుగువాడెవడు?" అన్న ప్రశ్నకు జవాబుగా. సమరయుడు క్రీస్తు మాత్రమే అయితే నేను చేయాల్సిందేమీ మిగల్లేదు, ఆయనే చేసేశాడు. ప్రభువు "నీవును వెళ్లి ఆలాగు చేయుము" అన్న మాట ఎటుపోయింది? యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంది. యెరికో సముద్రమట్టం కంటే దాదాపు 250 మీటర్ల దిగువన. ఒక రోజు నడకలో వెయ్యి మీటర్లు దిగే కొండదారి, ఎడారి, మలుపులు. ఆ దారిలో ఆగడమంటే తానూ దొంగల చేతిలో పడొచ్చు. యాజకుడు ఎందుకు ఆగలేదో ఆ దారి తెలిస్తే అర్థమవుతుంది. పైగా యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను 4 చెప్తోంది. ఈ రెండూ తెలిశాక కథ మనల్ని ఇబ్బంది పెడుతుంది. పెట్టాలి కూడా. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదపండితుడు చెప్పింది ఇదే. లేఖనానికి ఎన్ని అర్థాలున్నా అన్నీ అక్షరార్థం మీదే నిలబడాలి. ఆయన ఆత్మీయ అర్థానికి విరోధి కూడా కాదు.

కీర్తన 137 చివరి వచనం సంగతీ అంతే. బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అని ఉంది. ఆ పసిపిల్లలు మనలో అప్పుడే పుట్టే చెడు తలంపులు అని ఓరిగెన్ కాలం నుంచీ చెప్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ అది బబులోనువాళ్ల చేతిలో ఊరు తగలబడి, చెరపట్టబడినవాళ్ల కసి. అంత కసిని కూడా మనిషి దేవుడి ముందు దాచుకోలేదన్న సంగతి ఆ వివరణలో మాయమైపోతుంది. నేనైతే ఆ వచనం చదివేటప్పుడు ఇబ్బందిపడడానికే ఇష్టపడతాను.

అక్షరం పట్టుకున్నవాళ్ల చరిత్రా శుభ్రంగా లేదు. యెహోషువ 10లో సూర్యుడు ఆగాడని ఉంది కాబట్టి భూమి తిరగదన్నారు. 1616లో కోపర్నికస్ పుస్తకాన్ని నిలిపేశారు, 1633లో గెలీలియోను విచారించి శిక్షించారు. అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే అగస్టీన్ హెచ్చరించాడు. ఆకాశం, భూమి, నక్షత్రాల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన విషయంలో మనం లేఖనం పేరుతో తెలివితక్కువ మాటలాడితే, పునరుత్థానం గురించి మనం చెప్పేది అతనెలా నమ్ముతాడు అన్నాడు. సమరయుడి కథను అంత దూరం లాగినవాడూ, ఇంత చక్కటి మాట అన్నవాడూ ఒకడే. అందుకే ఒకరిని ఒకే పక్షంలో పెట్టడం కుదరదు.

ఇంకోటి చెప్పాలి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నోవహు తన కొడుకు హామును శపించాడంటూ, దానికి హాము శాపం అని పేరు పెట్టి నల్లజాతివారి బానిసత్వాన్ని శతాబ్దాల పాటు సమర్థించారు. ఆదికాండము 9:25 తెరిచి చూడండి. శపించబడినవాడు హాము కొడుకు కనాను. హాము మీద శాపం లేదు, అతని మిగతా కొడుకుల మీదా లేదు. అంటే "రాసినది రాసినట్టే" అని బల్లగుద్దినవాళ్లు రాసినదాన్ని చదవనే లేదు.

ఇప్పుడు యోనా. పుస్తకం మొత్తం 48 వచనాలు. చేప కనిపించేది మూడింటిలో. మొత్తం ఒకేసారి చదివితే ఒక విచిత్రం కనబడుతుంది. గాలి దేవుడి మాట వింటుంది, తప్పెవరిదో తేల్చడానికి వేసిన చీట్లు వింటాయి, అన్యులైన ఓడవాళ్లు మొక్కుకుంటారు, చేప వింటుంది, నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చుంటాడు, పశువులు కూడా గోనెపట్ట కట్టుకుంటాయి, పురుగు వింటుంది. విననివాడు ఒక్కడే, ప్రవక్త. నీనెవె అష్షూరువారి నగరం. క్రీ.పూ. 722 ప్రాంతంలో రాజధాని షోమ్రోనును కూల్చి ఇశ్రాయేలు రాజ్యాన్ని లేకుండా చేసింది ఆ అష్షూరే. అలాంటి శత్రువును దేవుడు క్షమిస్తాడేమోనన్నదే యోనా బాధ. నాలుగో అధ్యాయంలో తనే చెప్పాడు, నువ్వు కటాక్షం గలవాడివని తెలిసే పారిపోయానని. చివర్లో దేవుడు అడుగుతాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులు, బోలెడు పశువులు ఉన్న ఈ ఊరి గురించి నేను విచారపడకూడదా? యోనా జవాబు రాయలేదు. పుస్తకం అక్కడే అయిపోతుంది.

నా మటుకు నాకు ఇది నిజమైన ప్రవక్త పేరు మీద అల్లిన కథ అనిపిస్తుంది. తమవాళ్ల ద్వేషాన్ని ఎత్తిచూపడానికి ఇశ్రాయేలులోనే ఎవరో ధైర్యంగా రాశారు. జరిగిందని నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు. చేప కడుపులో గాలి గురించి గంటసేపు వాదించి, ఆ చివరి ప్రశ్న ముందు ఒక్క నిమిషం కూడా కూర్చోనివాళ్లతోనే పేచీ. చేప అంటే శ్రమ అనేసినా అంతే, నీనెవె తప్పిపోతుంది.

ఉన్నదున్నట్టు

స్టెనో గారూ, బాగా రాశారు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఎక్కడ ఆగాలి? యోనా కథ అన్నారు, యోబు కథ అన్నారు. రేపు ఎవరో వచ్చి సమాధి కూడా కథే, అందులో ఆత్మీయ సత్యం ఉంది చాలు అంటే మీ దగ్గర జవాబేది? పైగా మత్తయి 12:41 గురించి మీరేమీ అనలేదు.

కోర్టు స్టెనో

న్యాయమైన ప్రశ్న. 1 కొరింథీ 15 తీయండి. పౌలు అక్కడ సాక్షుల జాబితా ఇచ్చాడు. కేఫా అంటే పేతురు, పన్నెండుగురు శిష్యులు, తర్వాత ఐదు వందల మందికి పైగా, వారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు, యాకోబు, చివరికి తాను. "చాలామంది ఇంకా బతికే ఉన్నారు" అనే మాట ఉపమానంలో ఎవరూ రాయరు. వెళ్లి అడగండి అన్నట్టే కదా. ఆ తర్వాత ఇంకో అడుగు వేశాడు. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం. తన మొత్తం కేసును ఆ ఒక్క సంఘటన మీద పెట్టాడు. దాన్ని ఆత్మీయ సత్యంగా మాత్రమే చదివేవాడు పౌలును చదవడం లేదు. యోబు రాసినవాడు అలాంటి పందెం ఎక్కడా కాయలేదు. అంటే గీత గీసింది నేను కాదు, రాసినవాళ్లే. కొన్ని చోట్ల ఆ గీత మసకగా ఉంది, నోవహు దగ్గర, ఏదెను తోట దగ్గర. అక్కడ నేను గట్టిగా ఏమీ అనను.

12:41 మీ వాదనలో బలమైన ముక్క, తీసిపారేయను. అందరికీ తెలిసిన కథలోని మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి వినేవాళ్లను సిగ్గుపడేలా చేయడం బోధకులు చేసే పనేనని నా ఆలోచన. మీకు అది చాలదని తెలుసు. ఒక్కటి గమనించండి. ఆ వచనంలో ప్రభువు వేలెత్తి చూపిస్తున్నది నీనెవెవాళ్ల మారుమనస్సును.

సండేస్కూల్ టీచర్

ఇద్దరికీ థాంక్స్. అయితే ఆ పాపకు నేను ఒక్క వాక్యంలో ఏం చెప్పాలి? వాళ్లు పిల్లలు, ఓరిగెన్, అక్వినాస్ అంటే నా మొహం చూస్తారు.

కోర్టు స్టెనో

ఒక్క వాక్యమైతే ఇలా: "కొంతమంది విశ్వాసులు అచ్చం ఇలాగే జరిగిందని నమ్ముతారు, కొంతమంది ఇది దేవుడు చెప్పించిన కథ అంటారు, నేను మాత్రం ఇలా అనుకుంటున్నాను." చివరి ముక్కలో మీరు నిజంగా నమ్మేదే చెప్పండి అమ్మా, పిల్లలు నటన పసిగట్టేస్తారు. "నమ్మకపోతే పాపం" అని మాత్రం తగిలించకండి. తర్వాత నాలుగు అధ్యాయాలూ గట్టిగా చదివించండి, పదిహేను నిమిషాలు కూడా పట్టదు. యోనాకు కోపం ఎందుకొచ్చిందని వాళ్లనే అడగండి. దేవుడి చివరి ప్రశ్నకు యోనా బదులు వాళ్లను జవాబు రాయమనండి. ఇష్టం లేని పిల్లల పేర్లు బయటికొస్తాయి, చూడండి.

యెహోషువ 10కి ఒక సాయం. సూర్యుడు ఆగిన మాటలు యాషారు గ్రంథంలో రాసి ఉన్నాయని ఆ వచనమే చెప్తోంది. అంటే యెహోషువ పుస్తకం అక్కడ ఇంకో పుస్తకంలోంచి ఎత్తి చూపిస్తోంది, ఆ పలుకులు పద్యంలా కూడా ఉన్నాయి. అసలు కష్టం సూర్యుడు కాదు. యెహోషువ సైన్యం కనాను పట్టణాల్లో అందరినీ చంపిందన్న వచనాలు. అక్కడ పిల్లలు తప్పకుండా అడుగుతారు. కనానీయులంటే మన పాపాలు అని దాటేయకండి, వాళ్లు మనుషులు. 10:40లో ఎవరినీ మిగల్చలేదని ఉంది. 13:1లో ఇంకా స్వాధీనం చేసుకోవాల్సిన దేశం చాలా ఉందని ఉంది, 15:63లో యెరూషలేములోని యెబూసీయులను వెళ్లగొట్టలేకపోయారని ఉంది. పాతకాలపు రాజులు యుద్ధం గెలిస్తే ఒక్కడినీ మిగల్చలేదని రాయించుకోవడం మామూలే, ఈ పుస్తకంలోనూ ఆ ధోరణి ఉందని పండితులు చాలామంది అంటారు. దానితో సమస్య మొత్తం తీరదు. తీరలేదనే చెప్పండి.

ఉన్నదున్నట్టు

సూర్యుడు ఆగాడనే నేను చెప్తాను సిస్టర్, పద్యమైనా సరే. ఆ నాలుగో అధ్యాయం సంగతి మాత్రం ఆయన చెప్పినట్టే చేయండి. పెద్దల క్లాసులో కూడా దాన్ని చదివిస్తే బాగుంటుంది.